కానిస్టేబుల్ ఎప్పుడు అక్కర్లేకుండా పోతాడు?

ప్రశ్న:

మేడం గారికి నమస్తే. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. మా ఇంట్లో బుద్ధుడి బొమ్మ, పక్కనే బాబాసాహెబ్ ఫోటో ఉంటాయి. త్రిశరణం, పంచశీలం నాకు ఎక్కాలతో పాటే వచ్చాయి. నాన్న హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నాకు 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళుగా అరాజకవాదులు బకూనిన్, క్రొపోట్కిన్ చదువుతున్నాను. రాజ్యం, పాలకులు లేకుండానే మనుషులు కలిసి బతకగలరని వీళ్ళ వాదం. మనిషి మీద మనిషి పెత్తనం ఉండకూడదని బుద్ధుడూ వీళ్ళూ ఒకే మాట చెప్పారని నాకు అనిపిస్తోంది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట అంటే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయారు. 'బాబాసాహెబ్ రాసిచ్చిన రాజ్యాంగం వల్ల చదువుకుని, ఇప్పుడు రాజ్యమే వద్దంటావా? పోలీసు లేని ఊళ్ళో మనల్ని ఎవడు బతకనిస్తాడ్రా?' అన్నారు. అప్పట్నుంచీ ఫోన్ చేస్తే అమ్మకి ఇచ్చేస్తున్నారు.

ఇంకో సంగతి. మేం ఆరుగురం స్నేహితులం మణికొండలో ఒక ఫ్లాట్ తీసుకుని దానికి 'సంఘం' అని పేరు పెట్టుకున్నాం. నాయకుడు లేడు, రూల్స్ లేవు. ఎనిమిది నెలలకే గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గరా, సరుకుల డబ్బుల దగ్గరా తగాదాలు మొదలయ్యాయి. గొంతు పెద్దదైన ఒకతను చెప్పిందే జరుగుతోంది. ఇద్దరు ఖాళీ చేస్తామంటున్నారు. బౌద్ధానికీ అరాజకవాదానికీ అసలు పొత్తు కుదురుతుందా? నేను రెండు పడవల మీద కాళ్ళు పెట్టానా?

సమాధానం:

నీది మా చిన్నమ్మాయి వయసు. నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు.

గిన్నెల దగ్గర సంఘం చీలిపోతోందని సిగ్గుపడుతున్నట్టున్నావు. ఆ బుద్ధుడి సంఘమే చెంబెడు నీళ్ళ దగ్గర చీలింది. కోశాంబిలో ధర్మం చెప్పే భిక్షువొకడు మరుగుదొడ్డికి వెళ్ళి చెంబులో నీళ్ళు మిగిల్చి వచ్చాడు. 'అలా మిగల్చకూడదు, దోషం' అన్నాడు వినయం, అంటే భిక్షువుల నియమావళి, బాగా తెలిసిన ఇంకో భిక్షువు. 'తెలియక చేశావులే, అయితే దోషం లేదు' అని ఆయనే సర్దేశాడు. తర్వాత మళ్ళీ తన శిష్యుల దగ్గర 'ఆయనకి తాను తప్పు చేశానని కూడా తెలీదు' అన్నాడు. ఈ శిష్యులు వెళ్ళి ఆ శిష్యుల్ని ఎత్తిపొడిచారు. చివరికి ఒక పక్షం వాళ్ళు ఆ మొదటి భిక్షువుని వెలివేసేదాకా వెళ్ళింది. అట్ఠకథల్లో, అంటే పాళీ వ్యాఖ్యానాల్లో, ఉన్న కథ ఇది. చదివినప్పుడల్లా మా కాలేజీ స్టాఫ్‌రూమ్ గుర్తొచ్చి నవ్వొస్తుంది నాకు.

బుద్ధుడు స్వయంగా వచ్చి నచ్చజెప్పాడు. 'స్వామీ, తమరు ప్రశాంతంగా ఉండండి, ఈ తగాదా మేం తేల్చుకుంటాం' అన్నారు వాళ్ళు. ఆయన రాజుకి కబురు పెట్టలేదు, శపించలేదు, సంఘాన్ని రద్దు చేయలేదు. పాత్ర, చీవరం తీసుకుని పారిలేయక వనానికి వెళ్ళిపోయాడు. అప్పుడు కదిలింది ఊరి జనం. 'వీళ్ళ వల్లే కదా బుద్ధుడు వెళ్ళిపోయాడు' అని భిక్షువులకి దణ్ణం పెట్టడం మానేశారు, అన్నం పెట్టడం మానేశారు. కడుపు కాలాక ఇరుపక్షాలూ శ్రావస్తి దారి పట్టి, బుద్ధుడి దగ్గరే రాజీ పడ్డాయి.

ఇక్కడ రాజదండన ఎక్కడా లేదు చూడు. సహాయ నిరాకరణ ఒక్కటే ఉంది, అదీ కింది నుంచి పైకి. ఇదే ఆయుధాన్ని భిక్షువులూ వాడొచ్చు. సంఘానికి కీడు తలపెట్టినవాడి దగ్గర భిక్ష తీసుకోకుండా పాత్ర బోర్లించడం వినయంలో ఉన్న పద్ధతే. 2007లో బర్మా భిక్షువులు సైనిక పాలకుల మీద ఆ పాత్రే బోర్లించారు.

కాబట్టి నీకు అనిపించింది ఊరికే అనిపించింది కాదు. ఇంకొకటి కూడా నీ వైపే ఉంది. బుద్ధుడు పోయాక మగధ మంత్రి వస్సకారుడు వచ్చి ఆనందుణ్ణి అడిగాడు, ఇప్పుడు మీకు పెద్ద ఎవరు, బుద్ధుడు ఎవరినైనా నియమించాడా, మీరే ఎవరినైనా ఎన్నుకున్నారా అని. రాజులేని గుంపు ఎలా నిలుస్తుందో మంత్రికి అర్థం కాదు మరి. ఎవర్నీ నియమించలేదు, మేమూ ఎవర్నీ పెట్టుకోలేదు, అలాగని దిక్కులేనివాళ్ళమూ కాదు, ధర్మమే మాకు దిక్కు అన్నాడు ఆనందుడు. బకూనిన్ ఒకచోట అంటాడు కదా, చెప్పుల విషయంలో చెప్పులు కుట్టేవాడి మాట వింటాను గానీ అతని పాండిత్యాన్ని నా నెత్తికెక్కించుకోను అని. ఆనందుడు చెప్పింది దానికి దగ్గర మాటే. (చెప్పులంటే గుర్తొచ్చింది. అమరావతి స్తూపానికి శిల్పాలు దానం చేసినవాళ్ళలో విధికుడనే చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు, ఉన్నాడు. శాసనంలో పేరుతో పాటు తన పనినీ చెక్కించుకున్నాడు. మీ ఊరికి ఆ ఊరు ఎంతో దూరం లేదు. ఎప్పుడైనా వెళ్ళినప్పుడు గుర్తు చేసుకో.)

అయితే బుద్ధుడి చేతికి మీ అరాజకవాదుల నల్లజెండా ఇచ్చే ముందు కొంచెం ఆగు. బింబిసారుడి సైన్యంలో యుద్ధానికి వెళ్ళడం ఇష్టం లేని భటులు పారిపోయి వచ్చి భిక్షువులైపోతున్నారని రాజు మొరపెట్టుకున్నాడు. ఇకమీదట రాజభటులకి దీక్ష ఇవ్వొద్దని బుద్ధుడు నియమం పెట్టాడు. అప్పులపాలైనవాడికీ, యజమాని దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన దాసుడికీ కూడా అంతే. సంఘం నిలవాలంటే రాజుతో, షావుకారుతో, దాసుల యజమానితో పేచీ కుదరదనుకున్నాడు. అది తెలివా రాజీయా అని నన్నడిగితే రెండూ అంటాను. ఆ నియమం వచ్చాక విహారం తలుపు తట్టి వెనక్కి వెళ్ళిన దాసుడి ముఖం మాత్రం నాకు అప్పుడప్పుడూ కళ్ళ ముందు మెదులుతుంది. గ్రంథం అలాంటివాడి గురించి ఏమీ చెప్పదు.

బుద్ధుడి ఉపదేశాల్లో ఒకటైన అగ్గఞ్ఞ సుత్తంలో రాజ్యం పుట్టుక కథ ఒకటుంది. దున్నకుండా, విత్తకుండా పండే వరి ఉండేదట. ఏ పూటకా పూట తెచ్చుకుని తినేవాళ్ళు. బద్ధకస్తుడొకడు రెండు పూటలది ఒకేసారి తెచ్చాడు. వాణ్ణి చూసి ఇంకొకడు రెండు రోజులది, మరొకడు నాలుగు రోజులది, ఎనిమిది రోజులది. దాచడం మొదలయ్యేసరికి కోసినచోట వరి మళ్ళీ మొలవడం మానేసింది. అప్పుడు గట్లు వేసుకున్నారు. గట్లు వచ్చాక దొంగతనం, దొంగతనంతో అబద్ధం, దెబ్బలు. ఇక విసిగిపోయి తమలో ఒకణ్ణి ఎంచుకుని, నువ్వు తగువులు తీర్చు, మేం మా వడ్లలో నీకు పాలు ఇస్తాం అన్నారు. అతనే మహాసమ్మతుడు, మొదటి రాజు. ఆస్తి దొంగతనం అని ఫ్రెంచి అరాజకవాది ప్రూధోఁ 1840లో అన్నాడని మీరంతా సంబరపడతారు గానీ, గాదె ముందు, దొంగ తర్వాత, రాజు ఆ తర్వాత అని ఈ వరుస అంతకన్నా ఎప్పుడో చెప్పారు. రాజుని దేవుడు పంపలేదు, జనం కూలికి పెట్టుకున్నారని దీని భావం. రాజు వద్దు అని మాత్రం ఈ సుత్తం అనదు. ఆ మాట మనం కలపకూడదు.

ఆ మాట కలిపిన భిక్షువు ఒకాయన జపాన్‌లో ఉన్నాడు. ఉచియామా గుదో. 1874లో పుట్టాడు. జపాన్ బౌద్ధంలోని సోతో జెన్ శాఖలో దీక్ష తీసుకుని, హకోనే కొండల్లో రిన్‌సెన్‌జి అనే చిన్న గుడికి పూజారి అయ్యాడు. చుట్టూ పేద కౌలురైతులు. అన్ని ప్రాణుల్లోనూ బుద్ధస్వభావం ఉంది, ధర్మంలో ఎక్కువ తక్కువలు లేవు, ఇదే నా విశ్వాసం, ఇది సోషలిజంతో పూర్తిగా కలుస్తోంది కాబట్టి నేనూ సోషలిస్టునయ్యాను అని 1904లో పత్రికలో రాశాడు. క్రమంగా అరాజకవాదం వైపు వచ్చాడు. 1908లో గుడిలోనే దాచిపెట్టిన అచ్చుయంత్రం మీద సొంతంగా ఒక కరపత్రం వేశాడు. భూస్వామికి కౌలు కట్టకండి, సర్కారుకి పన్ను కట్టకండి, సైన్యంలోకి వెళ్ళకండి అన్నది దాని సారం. నన్ను పట్టుకున్న మాట అందులో ఇంకొకటుంది. మీ పేదరికం పూర్వజన్మ పాపఫలమని బౌద్ధులు చెబుతారు, ఇరవయ్యో శతాబ్దంలో కూడా అది నమ్మితే మీకూ ఎద్దులకీ గుర్రాలకీ తేడా ఏమిటి అని అడిగాడు. ఒక బౌద్ధ పూజారి అడిగాడు ఈ మాట! కిందటి జన్మ కర్మ అనే మాటని బాబాసాహెబ్ బౌద్ధంలోంచి ఎందుకు ఏరి పారేశాడో మీ ఇంట్లో నీకు వేరే చెప్పక్కర్లేదు.

1909 మేలో గుదోని పట్టుకున్నారు. మరుసటి ఏడాది, చక్రవర్తిని చంపడానికి కుట్ర పన్నారంటూ పెట్టిన పెద్ద కేసులో ఆయన్నీ ఇరికించారు. 24 మందికి మరణశిక్ష వేసి, 12 మందికి యావజ్జీవంగా మార్చారు. 1911 జనవరి 24న గుదోని ఉరి తీశారు. అప్పటికి 36 ఏళ్ళు. ఉరికి ముందే 1910లో సోతో శాఖ ఆయన్ని తమ పూజారి కాదని బహిష్కరించింది. తిరిగి గౌరవం ఇచ్చింది 1993లో. అదే కేసులో ఇంకో బౌద్ధ పూజారి తకాగి కెన్‌మ్యో 1914లో జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు. నువ్వు అడిగిన పొత్తుకి ఒక జవాబు ఇది. బౌద్ధ భావానికీ అరాజక భావానికీ పొత్తు బాగానే కుదిరింది. బౌద్ధ మఠానికి మాత్రం ఎక్కువగా రాజుతోనే కుదిరింది.

మనవాళ్ళలోనూ ఈ దారిలో నడిచినవాడు లేకపోలేదు. 1912 ప్రాంతంలో లాలా హర్‌దయాళ్ కాలిఫోర్నియాలో బకూనిన్ పేరు మీద ఒక ఆశ్రమం లాంటిది పెట్టాడు, దాన్ని అరాజకవాదానికి మఠం అనుకున్నాడు. బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకి అక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ తర్వాత ఎన్నో మలుపులు తిరిగి, లండన్ విశ్వవిద్యాలయంలో బోధిసత్వ సిద్ధాంతం మీద పరిశోధన చేసి 1932లో పుస్తకంగా తెచ్చాడు. మన కనిగిరి దరిశి చెంచయ్య కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్‌లో చేరింది ఆ రోజుల్లోనే. ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' మీ నాన్నగారి బీరువాలో ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇక నాన్నగారు. అసలు ఉత్తరం ఆయన గురించే అని నాకు అర్థమైంది.

మీది తెనాలి దగ్గర ఊరన్నావు. అంటే చుండూరు కూతవేటు దూరం. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపేనాటికి మీ నాన్నకి నీ వయసే ఉండి ఉంటుంది. నువ్వు అప్పటికి పుట్టలేదు. నీకు 'రాజ్యం' అంటే బకూనిన్ పుస్తకంలో మాట. ఆయనకి 'రాజ్యం లేకపోవడం' అంటే శవాల్ని కుక్కిన గోనె సంచులు, కాలవ గట్టు. మన భాషలో అరాచకం అన్న మాటకి అర్థం కూడా ఆయన వైపే ఉంది. పేపర్లో 'ఊళ్ళో అరాచకం' అని రాస్తే పెద్దవాడు చిన్నవాణ్ణి కొట్టాడనే కదా చదువుకుంటాం.

ఆయన ప్రశ్నకి నువ్వు చెప్పగల జవాబూ ఆ ఊళ్ళోనే ఉంది, కానీ గెలవడానికి వాడకు. ఆ రోజు ఊళ్ళో పోలీసులు ఉన్నారు. ఉండగానే జరిగింది. ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 16 ఏళ్ళు పట్టింది. 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రాజ్యం కాపాడుతుందన్న మాట అక్కడ నిలవలేదు. మరి జనం ఏం చేశారు? అంతకు ముందు 1985లో కారంచేడులో దళితుల మీద జరిగిన దాడిలో దెబ్బ తిన్నవాళ్ళు చీరాలకి వచ్చి శిబిరం వేసుకున్నారు. ఒకరికొకరు ఆసరాగా నిలబడి, దళిత మహాసభ కట్టుకున్నారు. క్రొపోట్కిన్ పరస్పర సహాయం అన్నది కళ్ళతో చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. అదే జనం అదే నోటితో కేసులు పెట్టమన్నారు, చట్టం కావాలన్నారు. తర్వాత చుండూరువాళ్ళు కోర్టు మా ఊళ్ళోనే పెట్టమన్నారు. నువ్వూ మీ నాన్నా చెరో చివర పట్టుకుని లాగుతున్న తాడుని వాళ్ళు ఒకే చేత్తో పట్టుకున్నారు.

బాబాసాహెబ్ కూడా అంతే. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చివరి పెద్ద ఉపన్యాసం మీ నాన్నగారికి కంఠతా వచ్చి ఉంటుంది. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం మూడూ విడదీయరానివని చెబుతూ, సోదరభావం లేకపోతే మొదటి రెండూ సహజంగా నడవవు, వాటిని అమలు చేయడానికి ఒక కానిస్టేబుల్ కావాల్సి వస్తుందన్నాడు. రాజ్యాంగం రాసిన మనిషి, రాయడం పూర్తయిన వారంలో, కానిస్టేబుల్‌ని ఒక లోటుకి గుర్తుగా చెప్పాడు! తర్వాత 1954లో రేడియోలో మాట్లాడుతూ, ఈ మూడు మాటలూ ఫ్రెంచి విప్లవం నుంచి తేలేదు, నా గురువు బుద్ధుడి నుంచి తెచ్చుకున్నాను అన్నాడు. చట్టం కాపుదల మాత్రమే, అసలు భరోసా మైత్రిదే అన్నాడు.

బుద్ధుడా, కార్ల్ మార్క్సా అన్న వ్యాసంలో ఇంకా ముందుకి వెళ్ళాడు. రాజ్యం క్రమంగా ఎండి రాలిపోతుందని కమ్యూనిస్టులు అంటారు, సరే, ఎప్పుడు? రాలిపోయాక ఆ చోట ఏముంటుంది, అరాచకమా? బలం తీసేశాక కూడా నిలబెట్టేది ఏమైనా ఉంటే అది మతమే అని ఆయన జవాబు. ఈ ప్రశ్న మీ అరాజకవాదులు కూడా కమ్యూనిస్టుల్ని అడిగిందే, జవాబు మాత్రం వేరు. నీ సొంత జవాబేమిటో నీకు తెలిసేదాకా నాన్నతో 'రాజ్యం వద్దు' అనకు. 'కానిస్టేబుల్ ఎప్పుడు అక్కర్లేకుండా పోతాడు నాన్నా' అని అడుగు. హెడ్మాస్టరుగా చేసిన మనిషి ప్రశ్నకి లొంగినట్టు వాదానికి లొంగడు. నేనూ అదే బాపతు, నాకు తెలుసు.

ఇప్పుడు మీ మణికొండ సంఘం. మీరు కానిస్టేబుల్‌ని తీసేశారు, మైత్రి ఇంకా పండలేదు. మధ్యలో ఖాళీ కుర్చీలో పెద్ద గొంతు వచ్చి కూర్చుంది. రూల్స్ లేని చోట రూల్ చేసేది గొంతే. బుద్ధుడు పాలకుణ్ణి పెట్టలేదు గానీ నియమాలు మాత్రం వందలు పెట్టాడు. మీరు దాన్ని తలకిందులు చేశారు.

సంఘంలో బసలు కేటాయించడానికి, భోజనాల వంతులు వేయడానికి, సామాను గదికి, బట్టలు పంచడానికి విడివిడిగా మనుషుల్ని ఎన్నుకునేవాళ్ళు. ఎలాంటివాణ్ణి? ఇష్టం కొద్దీ, కోపం కొద్దీ, తెలివితక్కువ కొద్దీ, భయం కొద్దీ పక్షపాతం చూపనివాణ్ణి, ఏది ఇచ్చారో ఏది ఇవ్వలేదో లెక్క తెలిసినవాణ్ణి. దబ్బ మల్లపుత్రుడు ఆ పని ఎంత బాగా చేశాడంటే, కబుర్లరాయుళ్ళందరికీ ఒకేచోట బస ఇచ్చేవాడు, ధ్యానం చేసుకునేవాళ్ళకి మరోచోట. అయినా నూకలన్నం వంతు పడిన కొందరు ఆయన మీద అబద్ధపు నింద వేయించారు. కాబట్టి సరుకుల లెక్క చూసే మనిషికి నిందలు తప్పవు. నెలకొకరు మారండి, లెక్క గోడ మీద అంటించండి.

ఏదైనా నిర్ణయం ఉంటే ముందు ఒక్క వాక్యంలో చెప్పి, మూడుసార్లు అడగడం సంఘం పద్ధతి. ఒప్పుకున్నవాళ్ళు మౌనంగా ఉంటారు, ఒప్పుకోనివాళ్ళు మాట్లాడాలి. మీ దగ్గర ఇది ఇప్పుడే పనిచేయదు, ఎందుకంటే మీ వాళ్ళ మౌనం ఒప్పుకోలు కాదు, భయమో విసుగో. అలాంటప్పటికి శలాకలున్నాయి, పుల్లలతో ఓటు. రహస్యంగా వేసే పద్ధతి కూడా వినయంలో ఉంది. ఆర్నెల్లు చీటీలు వేసుకోండి.

భిక్షువులు వానాకాలం ఒకేచోట ఉండిపోయే వర్షావాసం చివర పవారణ అని చేసేవాళ్ళు. నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి అని ప్రతివాళ్ళూ మిగతావాళ్ళని అడగాలి. పెద్దవాడితో మొదలవుతుంది. బుద్ధుడే ఒకసారి ఇలా అడిగాడు, నా మాటలోగానీ చేతలోగానీ ఎంచదగింది ఉందా అని. మీ ఇంట్లో మొదట అడగాల్సింది ఆ పెద్ద గొంతు మనిషి. అతను ఒప్పుకోకపోతే నువ్వు మొదలుపెట్టు. నీ మీదా ఏదో ఉండే ఉంటుంది. ఉత్తరంలో గిన్నెలు ఎవరు తోమాలన్న గొడవ రాశావు గానీ, నువ్వు తోముతున్నావో లేదో రాయలేదు.

వెళ్ళిపోతామన్న ఇద్దర్నీ ఆపకు. సంఘంలోంచి వెళ్ళడానికి ఒక్క మాట చాలు, ఎవరూ పట్టుకోరు, కావాలంటే మళ్ళీ రావచ్చు. వాళ్ళ అడ్వాన్సు డబ్బు మాత్రం వెళ్ళే రోజే చేతిలో పెట్టండి.

నాన్నగారి దగ్గరికి ఉగాది దాకా ఆగక్కర్లేదు, వచ్చే శనివారమే వెళ్ళు. ఆ ఉపన్యాసం పుస్తకం ఆయన బీరువాలోంచే తీసి, కానిస్టేబుల్ వాక్యం ఎక్కడుందో చూపించమను. ఈసారి మాత్రం ఆయన భోంచేసి చెయ్యి కడుక్కున్నాక అడుగు.